చిరుగును కప్పే చిన్ని చేతులు

దివ్యఖుర్ఆన్ వర్ణించిన తొలి మానవ చేతిపని ఏదో మనలో చాలామంది గమనించి ఉండరు. అది సేద్యం కాదు, గృహనిర్మాణం కాదు, ఆయుధాల తయారీ అంతకన్నా కాదు. ఆదం (అలైహిస్సలాం), ఆయన సతీమణి హవ్వా (అలైహస్సలాం) నిషిద్ధ వృక్షాన్ని రుచిచూసిన మరుక్షణం తమ దేహాలు బహిర్గతమయ్యాయని గ్రహించి, స్వర్గవనపు ఆకులను ఒకదానితో ఒకటి చేర్చి తమను తాము కప్పుకోసాగారని అల్ ఆరాఫ్ సూరా 22వ ఆయతులోనూ, తాహా సూరా 121వ ఆయతులోనూ అల్లాహ్ తెలియజేశాడు. అక్కడ ప్రయోగించిన అరబీ క్రియకు మూలధాతువు ‘ఖసఫ’. ఒకదానిపై మరొకటి పొరగా చేర్చి అతకడం, కుట్టడం అని దాని భావం.

ఇదే ధాతువు మరొకచోట కూడా వినిపిస్తుంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని అడిగినవారికి విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) సమాధానమిస్తూ, ఆయన తన బట్టలు తానే కుట్టుకునేవారని, తన చెప్పులు తానే బాగుచేసుకునేవారని వివరించారు. ముస్నద్ అహ్మద్‌లో, ఇమాం బుఖారీ గారి ‘అల్ అదబుల్ ముఫ్రద్’లో ఈ ఉల్లేఖనం ఉంది. చెప్పులు బాగుచేసుకోవడాన్ని చెప్పేటప్పుడు ఆమె వాడిన క్రియ కూడా ‘ఖసఫ’ నుండి వచ్చినదే.

ఈ రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టి చూస్తే రెండు విషయాలు బోధపడతాయి. మొదటిది, కుట్టుపని ఆడవారికి మాత్రమే కేటాయించిన పని కాదు. స్వర్గంలో ఆ పని భార్యాభర్తలిద్దరూ కలిసి చేశారు. మదీనాలో సర్వమానవాళికి మార్గదర్శకుడైన ప్రవక్త (స) స్వయంగా చేశారు. రెండవది, కుట్టుపనిలోని అసలు పరమార్థం కప్పడం. దేహాన్ని కప్పడం, చలినీ ఎండనూ కప్పడం, చిరుగును కప్పడం.

సెలవులు వచ్చాయంటే పిల్లలు ఇంటి మూలన సెల్‌ఫోను పట్టుకుని కూర్చుంటున్నారని తల్లిదండ్రులు మొరపెట్టుకుంటున్నారు. ఫోను లాక్కోవడం సులువే. ఖాళీ అయిన ఆ చేతికి ఏమివ్వాలన్నదే అసలు ప్రశ్న. ఒక సూది, ఒక దారపు ఉండ, నాలుగు పాత గుడ్డముక్కలు ఇచ్చి, మనం కూడా పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

మన చుట్టూ ఉన్న చేతులు

సూదిపని నేర్పడానికి దూరదేశపు ఉదాహరణలు అక్కర్లేదు. మన కృష్ణా డెల్టాలో అడుగడుగునా ఆ విద్య కనిపిస్తుంది.

ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు పరిసరాల్లో చేపల చెరువుల గట్లమీద చూడండి. చిరిగిన వలను ఒడిలో వేసుకుని, నైలాను దారంతో ఒక్కొక్క కన్నునూ పూడుస్తూ కూర్చున్నవారిలో ఎక్కువమంది మగవారే. అది కుట్టుపని కాక మరేమిటి? ఒక్క కన్ను తెగినా చేప జారిపోతుందని వారికి తెలుసు. మగపిల్లవాడి చేతికి సూది ఇస్తే నవ్వేవారికి ఆ గట్టునే చూపించాలి.

మన నూర్‌బాషా సోదరుల పెద్దలు తరతరాలుగా దూది ఏకి, పరుపులు, దిండ్లు, బొంతలు కుట్టి ఊరూరా జీవనం సాగించారు. విల్లు లాంటి సాధనపు నారిని దూదికి తగిలించి మీటుతుంటే ముద్దగట్టిన దూది మల్లెపూవులా విచ్చుకునేది. యంత్రాలు వచ్చాక ఆ వృత్తి సన్నగిల్లింది. కానీ ఎన్నో ఇళ్లలో శీతాకాలపు వెచ్చదనం ఆ చేతుల చలవేనన్న సంగతి మన పిల్లలకు తెలియాలి.

గుడివాడ నుండి బందరు వెళ్లే దారిలో పెడన ఉంది. అక్కడి కలంకారీ అద్దకం దేశదేశాలకు తెలుసు. ఆ పేరులోని ‘కలం’, ‘కారీ’ అనే మాటలు పారసీక భాష నుండి వచ్చినవే. గోల్కొండ కుతుబ్‌షాహీ పాలకుల కాలంలో మచిలీపట్నం రేవు నుండి ఈ అద్దకపు వస్త్రాలు పారసీక దేశానికి తరలి వెళ్లేవి. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకోవడానికి ఈ తీరపు వస్త్రాలే ముఖ్య ఆకర్షణ. తీగలు, పూలు, ఆకులు, మామిడిపిందెలు మచిలీపట్నం అద్దకంలో ప్రధానమైన నమూనాలు. పారసీకుల అభిరుచికి అనుగుణంగా మెహ్రాబు ఆకృతితో అద్దిన వస్త్రాలూ ఇక్కడ తయారయ్యాయి. టేకు చెక్కమీద చెక్కిన అచ్చులు, కరక్కాయ, పటిక, బెల్లం, ఇనుము, కాలువ నీరు అనే మామూలు వస్తువుల నుండి ఇంతటి కళ పుట్టింది. దానిలో ఒక చిన్న అంశాన్ని మన ఇంటి వసారాలోనే పిల్లలతో చేయించవచ్చు. ఆ విధానం ముందు చెబుతాను.

పిల్లల కోసం బొమ్మ చేసిన తల్లులు

పిల్లలతో కూర్చుని ఆటవస్తువులు తయారుచేయడం కాలం వృథా చేయడమని తలచేవారు ఉన్నారు. సహాబీ మహిళల ఇళ్లు అందుకు భిన్నంగా ఉండేవి.

అన్సారీ మహిళ హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) ఆషూరా ఉపవాసం గురించి చెప్పిన మాటలు సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లింలలో నమోదయ్యాయి. తాము ఉపవాసముండి, తమ పిల్లల చేత కూడా ఉపవాసం పాటింపజేసేవారమని, వారికోసం ఉన్నితో ఆటబొమ్మలు తయారుచేసేవారమని ఆమె వివరించారు. ఎవరైనా పసివాడు ఆకలితో ఏడిస్తే ఇఫ్తార్ వేళయ్యేదాకా ఆ బొమ్మను చేతికిచ్చి ఊరడించేవారట. ఇక్కడ ఆ తల్లుల వివేకాన్ని గమనించండి. ఆరాధన నేర్పేటప్పుడు వారు బెదిరింపును ఆశ్రయించలేదు. చేత్తో చేసిన ఒక ఉన్ని బొమ్మను ఆశ్రయించారు.

మరొక సంఘటన సుననె అబూదావూద్‌లో ఉంది. దైవప్రవక్త (స) ఒక దండయాత్ర నుండి తిరిగి వచ్చిన సందర్భం. గాలికి తెర తొలగి హజ్రత్ ఆయిషా (రజి) ఆడుకునే బొమ్మలు కనిపించాయి. వాటి మధ్య ఒక గుర్రం ఉంది. దానికి గుడ్డపీలికలతో చేసిన రెండు రెక్కలున్నాయి. గుర్రానికి రెక్కలేమిటని ఆయన అడిగారు. సులైమాన్ (అలై) వద్ద రెక్కల గుర్రాలు ఉండేవని మీరు వినలేదా అన్నట్లు ఆమె బదులిచ్చారు. అది విని ఆయన (స) దంతాలు కనిపించేలా నవ్వారు. గుడ్డపీలికల రెక్కలు చూసి ఆయన చిరాకు పడలేదు. ఆ బాల్యపు ఊహను నవ్వుతో ఆదరించారు.

పని మొదలుపెట్టే ముందు

కొన్ని నియమాలు పాటిస్తే ఈ కాలక్షేపం క్షేమంగా సాగుతుంది.

బిస్మిల్లాహ్‌తో ప్రారంభించండి. సూదులను లెక్కపెట్టి బయటికి తీయండి, లెక్కపెట్టి తిరిగి డబ్బాలో పెట్టండి. ఒక్క సూది తగ్గినా అది దొరికేవరకు ఎవరూ లేవకూడదు. గుండీలు, పూసలు పాకే పసిపిల్లలకు అందకుండా చూడండి. కత్తెరను ఇచ్చేటప్పుడు పిడి ఎదుటివారి వైపు ఉండాలి. దారం మూర కన్నా పొడవు తీయవద్దు. పొడుగు దారం త్వరగా చిక్కుపడి పిల్లల ఓపికను చంపుతుంది.

నాలుగైదేళ్ల పిల్లలకు సూది వద్దు. పెళ్లిపత్రికల దళసరి అట్టమీద ఆకు బొమ్మో, నెలవంకో గీసి, దాని అంచు వెంబడి వేలెడు ఎడంతో రంధ్రాలు పొడిచి, బూటు లేసును ఇవ్వండి. పైనుండి కిందికి, కిందినుండి పైకి లేసును దూర్చడం వారికి గొప్ప ఆట. ఆరేడేళ్లు వచ్చాక మొన మొండిగా, బెజ్జం పెద్దగా ఉన్న సూది ఇవ్వవచ్చు. తొమ్మిది పదేళ్లకు మామూలు సూది చేతికి వస్తుంది.

మొదటి పాఠం బొంతకుట్టు. గుడ్డమీద పెన్సిలుతో గీత గీసి, బియ్యపు గింజంత కుట్టు, బియ్యపు గింజంత ఎడం అని చెప్పండి. కొలత నోటితో చెప్పడం కన్నా నాలుగు బియ్యపు గింజలు గీత మీద పేర్చి చూపితే వెంటనే అర్థమవుతుంది. ఈ సందర్భంలో పిల్లలకు దావూద్ (అలై) గాథ చెప్పవచ్చు. అల్లాహ్ ఆయన కోసం ఇనుమును మెత్తబరిచి, కవచాలు చేయమని, వాటి కడియాలను సరైన కొలతతో అమర్చమని ఆదేశించినట్లు సబా సూరా (34:10, 11) తెలుపుతోంది. ఒక ప్రవక్తకు ఇచ్చిన ఆదేశంలో కడియాల కొలత కూడా చోటుచేసుకుంది. పనిలో పొందిక, సమానత అల్లాహ్‌కు ఎంత ప్రీతికరమో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. ఆయన తన చేతి కష్టార్జితాన్నే భుజించేవారని సహీహ్ బుఖారీలోని హదీసు చెబుతోంది.

అయిదు చిన్న పనులు

1. ఊలు బంతి. రుబయ్యి (రజి) గారి హదీసు చెప్పి దీనితో ప్రారంభించండి. నాలుగు వేళ్ల వెడల్పు అట్టముక్క చుట్టూ రంగు ఊలును నూరు చుట్లు చుట్టాలి. అట్టను మెల్లగా లాగేసి, చుట్ట నడుమ మరో ఊలుపోగుతో గట్టిగా ముడివేయాలి. రెండు వైపులా ఉన్న మడతలను కత్తిరించి, విదిలించి, గుండ్రంగా కత్తెర పట్టాలి. మెత్తని బంతి తయారవుతుంది. రమజాన్‌లో తొలి రోజా ఉండే పిల్లల కోసం వారి అన్నలు, అక్కలు ముందుగానే ఇవి చేసి ఉంచవచ్చు.

2. రెక్కల గుర్రం. దళసరి నూలుగుడ్డను రెండు పొరలుగా పరిచి, పక్కనుండి చూసినట్లుగా గుర్రం ఆకారం గీసి, గీతకు అర అంగుళం వెలుపల కత్తిరించాలి. కాళ్లు లావుగా, మెడ పొట్టిగా గీస్తే కుట్టడం సులువు. పొట్ట కింద మూడు వేళ్ల ఖాళీ వదిలి చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టి, గుడ్డను లోపలిది బయటికి తిప్పి, దూదిగానీ సన్నని గుడ్డపీలికలుగానీ కూరి, ఖాళీని కుట్టేయాలి. వేరే రంగు పీలికలతో రెక్కలు కుట్టాలి. జీవుల రూపాల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలు ఉన్నాయి. పిల్లల ఆటబొమ్మలను హజ్రత్ ఆయిషా (రజి) గారి హదీసు ఆధారంగా అనేకమంది ఫుఖహాలు అనుమతించారు. జాగ్రత్త వహించదలచినవారు కళ్లు, ముఖం కుట్టకుండా వదిలేస్తే సరిపోతుంది. పిల్లల ఆనందానికి ఏ లోటూ రాదు.

3. గుండీ. ఇది అతి చిన్న పని, జీవితాంతం పనికివచ్చే పని. దారాన్ని రెండు పోగులుగా చేసి ముడివేయాలి. గుండీకి, గుడ్డకు మధ్య ఒక అగ్గిపుల్ల ఉంచి నాలుగు బెజ్జాల గుండా అయిదారుసార్లు కుట్టాలి. తర్వాత పుల్ల తీసేసి, గుండీ కింద మిగిలిన దారాన్ని మూడు చుట్లు చుట్టి ముడివేయాలి. ఆ కాస్త మెడ ఉన్నందువల్ల గుండీ కాజాలో తేలికగా ఇముడుతుంది, త్వరగా ఊడదు. పదేళ్లు దాటిన ప్రతి బాలుడూ తన చొక్కా గుండీ తానే కుట్టుకోగలగాలి. ఇది ప్రవక్త (స) ఇంటి సంప్రదాయమని వారికి చెప్పండి.

4. జుజ్‌దాన్. ఖుర్ఆన్ ప్రతికి వస్త్రపు గలేబు కుట్టడం పిల్లలకు ఎనలేని గౌరవం. 9 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం గల ప్రతికి 27 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు గుడ్డ కావాలి. రెండు చివరలనూ అర అంగుళం చొప్పున మడిచి అంచు కుట్టండి. ఒక చివరను పదిన్నర అంగుళాల మేర, గుడ్డ మంచివైపు లోపలికి ఉండేలా మడవండి. రెండు పక్కలనూ అంచుకు అర అంగుళం లోపల కుట్టండి. మిగిలిన అయిదు అంగుళాల గుడ్డే పై మూత. దాని పక్క అంచులను కూడా మడిచి కుట్టాలి. సంచిని బయటికి తిప్పి, మూతకు ఒక నాడా కుట్టండి. అమ్మ పాత నూలుచీర కొంగుగానీ, తాతగారి తెల్లని పంచెగానీ ఇందుకు శ్రేష్ఠం. ఇంట్లోని ప్రతి కొలత కన్నా కాస్త పెద్దదైతే ఆ తేడా కలుపుకుని గుడ్డ కత్తిరించండి. లెక్క పిల్లల చేతనే వేయించండి.

5. కరక్కాయ నలుపు. పెడన అద్దకంలోని మొదటి మెట్టు ఇది. పిడికెడు తుప్పుపట్టిన మేకులు, నిమ్మకాయంత బెల్లం, అర లీటరు నీరు ఒక మట్టికుండలో వేసి గుడ్డ కట్టి రెండు మూడు వారాలు ఊరనివ్వాలి. మూత బిగించకూడదు. పులిసేటప్పుడు వాయువు వెలువడుతుంది. ఆ కుండను మళ్లీ వంటకు వాడరాదు. మరోపక్క పిడికెడు కరక్కాయ పొడిని లీటరు నీటిలో కలిపి, గంజి పోగొట్టేలా ఉతికిన తెల్లని నూలుగుడ్డను అరగంట నానబెట్టి, పిండి ఆరబెట్టాలి. గుడ్డ లేత పసుపురంగుకు వస్తుంది. ఊరిన ద్రవాన్ని వడకట్టి, చింతగింజల పొడితో కాచిన జిగురు కలిపి చిక్కబరచాలి. అడ్డంగా కోసిన బెండకాయను అందులో అద్ది గుడ్డమీద ముద్రిస్తే పూవు వస్తుంది. అరటి దూట ముక్క, బంగాళాదుంప మీద చెక్కిన నెలవంక కూడా అచ్చులే. ఇనుము కరక్కాయలోని వగరుతో కలిసి పిల్లల కళ్ల ముందే నల్లబడుతుంది. రాత్రంతా ఆరనిచ్చి మరునాడు ధారాళమైన నీటిలో జాడించాలి. పాత బట్టలు తొడిగి కూర్చోబెట్టడం తల్లుల బాధ్యత. ఆ మరక ఉతికితే పోయేది కాదు.

ఈ అయిదూ కాక తాటాకు కూడా మన చేతికి అందుబాటులో ఉన్నదే. డెల్టా గట్లమీద తాటిచెట్లకు కొదవలేదు. సన్నగా చీల్చిన లేత ఆకును అడ్డంగా నిలువుగా అల్లితే చిన్న చాప, గిన్నె మూత తయారవుతాయి. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) మదాయిన్‌కు గవర్నరుగా ఉండి కూడా ఖర్జూరపు ఆకులతో బుట్టలల్లి జీవించేవారని చరిత్రకారులు రాశారు. ఒక దిర్హముకు ఆకు కొని మూడు దిర్హములకు బుట్ట అమ్మేవారట. ఒకటి మళ్లీ ఆకు కొనుగోలుకు, ఒకటి కుటుంబానికి, ఒకటి దానానికి. పిల్లలకు లెక్కలు, ఇస్లామీయ అర్థనీతి కలిపి నేర్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

ఆ శ్రమకు విలువ కట్టడం

ఒక్క జుజ్‌దాన్ కుట్టిన పిల్లవాడికి ఒక సత్యం బోధపడుతుంది. గుడ్డ చుట్టూ ఒక వరుస కుట్టడానికి గంట పడుతుందనీ, ఆ గంటలో మెడ నొప్పిపుడుతుందనీ, వేలికి రెండుసార్లు సూది గుచ్చుకుంటుందనీ. మిషను ముందు రాత్రి పొద్దుపోయేదాకా వంగి కూర్చునే తల్లిని ఆ తర్వాత అతడు చూసే చూపు వేరు.

మన పొరుగున నర్సాపురం ప్రాంతంలో వేలాది స్త్రీలు కొక్కెపు సూదితో లేసులు అల్లుతారు. క్రైస్తవ మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో అక్కడ నాటుకున్న విద్య అది. జర్మనీకి చెందిన సమాజశాస్త్రవేత్త మరియా మీస్ వారిపై పరిశోధించి 1982లో ఒక గ్రంథం వెలువరించారు. ఆ స్త్రీలు రోజంతా శ్రమిస్తున్నా, అది గృహిణులు తీరికవేళ చేసుకునే పని అన్న భావన ఉన్నందువల్లే వారికి అతి తక్కువ ప్రతిఫలం దక్కుతోందని ఆమె విశదీకరించారు. ఆ మాట మన ఇళ్లకూ వర్తిస్తుంది. అమ్మ పనిని ‘ఊరికే కూర్చుని కుట్టుకుంటోంది’ అని అనడం విన్న కొడుకు రేపు తన భార్య శ్రమను కూడా అలాగే తూచుతాడు.

విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) తోళ్లు పదునుపెట్టి, కుట్టి, వచ్చిన ఆదాయాన్ని దైవమార్గంలో పంచేవారు. తన భార్యలలో అందరికన్నా పొడవైన చేయి గలవారు తనను ముందుగా చేరుకుంటారని ప్రవక్త (స) చెప్పినప్పుడు వారు తమ చేతులు కొలుచుకున్నారు. ఆయన అనంతరం మొదట పరమపదించినది జైనబ్ (రజి). ఆ పొడవు దానధర్మాల పొడవని అప్పుడు గ్రహించారు. సహీహ్ ముస్లింలో ఈ విషయం ఉంది. మన హనఫీ ఫుఖహాలలో హిజ్రీ 261లో మరణించిన ఇమాం అబూబక్ర్ గారికి ‘అల్ ఖస్సాఫ్’ అన్న పేరు స్థిరపడింది. చెప్పులు కుట్టేవారని దాని అర్థం. వక్ఫ్ చట్టాలపై ప్రామాణిక గ్రంథం రాసిన ఆ మహానుభావుడు ఆ పనితోనే పొట్టపోసుకునేవారు. ఆదం (అలై) గాథలోని ధాతువే ఆయన బిరుదులోనూ నిలిచింది.

మాట అనే దారం

పిల్లలతో చేతిపని మొదలుపెట్టే పెద్దలకు ఒక హెచ్చరిక అవసరం. శుక్రవారం అసర్ తర్వాత కూర్చుందామని చెబితే, ఆ వేళకు తప్పక కూర్చోవాలి. గట్టిగా వడికిన నూలును తానే పోగులు పోగులుగా విప్పేసిన స్త్రీలా మారవద్దని అన్ నహ్ల్ సూరా (16:92) హెచ్చరించింది. ఆ ఆయతు ప్రమాణాల గురించి అవతరించింది. పిల్లలకిచ్చిన మాట కూడా మాటే. ఒక తల్లి తన పిల్లవాడిని ఏదో ఇస్తానని పిలిచినప్పుడు, ఏమివ్వదలిచావని ప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇస్తానని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకుంటే అది ఆమె లెక్కలో ఒక అబద్ధంగా రాయబడేదని ఆయన తెలియజేశారు. అబూదావూద్‌లోని ఈ హదీసు తండ్రులకూ వర్తిస్తుంది. ‘రేపు చేద్దాం’ అని పదిసార్లు వాయిదా వేస్తే పిల్లవాడు కుట్టుపని కాదు, మాట తప్పడం నేర్చుకుంటాడు.

వంకర కుట్టు వేస్తే ఎగతాళి చేయకండి. విప్పి మళ్లీ కుట్టమని బలవంతం కూడా వద్దు. మొదటి జుజ్‌దాన్ వంకరగానే ఉండనివ్వండి. దానినే ఇంటి రెహల్ పక్కన ఉంచండి. రెండోది తనంతట తానే చక్కగా కుడతాడు.

మాసిక సిగ్గుపడవలసినది కాదు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మదరసాలో పాఠాలు చెప్పే నాలాంటివారికి ప్రతి ఏటా కనిపించే దృశ్యం ఇది. మోచేతి దగ్గర మాసిక వేసిన కుర్తా తొడుక్కుని వచ్చిన బాలుడు రోజంతా ఆ చేతిని రెండో చేత్తో మూసుకుని కూర్చుంటాడు. బయట ఎండ మండుతున్నా పైన శాలువా తీయని బాలిక ఉంటుంది. తోటివారు ఒక మాట అంటే చాలు, మరునాడు వారి స్థానం ఖాళీ. చదువు మానడానికి కారణం పేదరికమని మనం రాసుకుంటాం. చాలాసార్లు ఆ కారణం పేదరికం కాదు, నవ్వు.

హజ్రత్ ఉమర్ (రజి) విశ్వాసుల నాయకుడిగా ఉన్న రోజుల్లో ఆయన భుజాల మధ్య ఒకదానిపై ఒకటిగా మూడు అతుకులు చూశానని హజ్రత్ అనస్ (రజి) చెప్పారు. ఇమాం మాలిక్ గారి ముఅత్తాలో అది ఉంది. ఎవరి పేరు వింటే రెండు సామ్రాజ్యాలు కంపించాయో ఆయన వస్త్రం అది. తన చేత్తో ఒక్క మాసికైనా వేసిన పిల్లవాడు మరొకరి మాసిక చూసి నవ్వలేడు. దాని వెనుక ఒక తల్లి కూర్చున్న గంట అతడికి కనిపిస్తుంది. సోదరుని లోపాన్ని కప్పినవారి లోపాన్ని ప్రళయదినాన అల్లాహ్ కప్పుతాడన్న ప్రవక్త (స) శుభవార్తను ఆ పిల్లవాడు తన వేళ్లతోనే అర్థం చేసుకుంటాడు.

అందువల్ల ఆరో పనిని ప్రతి ఇల్లూ తలపెట్టాలని కోరుతున్నాను. పండుగకు నెల ముందు పిల్లలకు పొట్టైన బట్టలన్నీ ఒకచోట కుప్పపోయండి. ఊడిన గుండీలు కుట్టించండి. విడిపోయిన అంచులు వేయించండి. చిరిగినచోట లోపలి నుండి అదే రంగు ముక్క పెట్టి కనబడనంత సన్నని కుట్లతో మాసిక వేయించండి. ఉతికి, ఇస్త్రీ చేసి, కొత్తవాటిలా మడతపెట్టి, అప్పుడు అర్హులకు అందించండి. మనమైతే కళ్లు మూసుకుంటే తప్ప స్వీకరించలేని నాసిరకం వస్తువులను దానంగా ఎంచుకోవద్దని అల్ బఖరా సూరా (2:267) ఆదేశించింది. గుండీ లేని చొక్కాను సంచిలో కుక్కి పంపడం దానం కాదు, ఇల్లు ఖాళీ చేసుకోవడం. అదే చొక్కాకు మన బిడ్డ గుండీ కుట్టి పంపితే అందులో అతడి గంట సమయం ఉంటుంది. పుచ్చుకున్న బిడ్డ తలెత్తుకుని ఈద్‌గాహ్‌కు వస్తాడు.

ఆ గుండీ ఎవరు కుట్టారో అతడికి తెలియనక్కర్లేదు. కుడిచేయి ఇచ్చినది ఎడమచేయికి తెలియకుండా దానం చేసేవారికి ప్రళయదినాన అల్లాహ్ తన నీడనిస్తాడన్న హదీసును పిల్లలకు చెప్పి, ఆ సంచి మూతి కట్టించండి.

దుస్తులు దేహాన్ని కప్పుతాయని, అలంకారమవుతాయని, అయితే అన్నిటికన్నా ఉత్తమమైనది దైవభీతి అనే వస్త్రమని ఆదం సంతతికి అల్ ఆరాఫ్ సూరాలోనే (7:26) బోధించిన ప్రభువు మన సంతానానికి ఆ రెండు వస్త్రాలనూ ప్రసాదించుగాక. వారి చేతులను ఇచ్చే చేతులుగా, కప్పే చేతులుగా తీర్చిదిద్దుగాక. ఆమీన్.